నిద్ర రావట్లేదు సార్!

రాత్రి పదిన్నరయింది. మా నాలుగేళ్ళ మనవడు సోఫా మీంచి తివాచీ మీదికి దూకి, వంటింటి గట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగి, మళ్ళీ సోఫా ఎక్కుతున్నాడు. అది పదకొండో చుట్టు. "ఇంక పడుకుందాం రారా నాన్నా" అన్నాను. టక్కున ఆగాడు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "నాకు నిద్ర రావట్లేదు తాతా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. కళ్ళు దివిటీల్లా ఉన్నాయి, కాకపోతే లోపల ఎర్రజీర. మాట పూర్తి కాకుండానే పకపకా నవ్వు. దేనికి నవ్వుతున్నాడో వాడికే తెలీదు.

ఆ మొహాన్ని నేనెరుగుదును. దానికి మీసాలుండేవి, అంతే తేడా.

నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. మొదట్లో గూడ్సు బండ్లు నడిపాను. తర్వాత కోస్తాలో ఒక జంక్షన్‌లో క్రూ కంట్రోలర్ కుర్చీలో కూర్చున్నాను. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని బయటివాళ్ళకి తెలీదు. ఏ బండికి ఏ డ్రైవరు ఎక్కాలి, ఎవరు ఎన్నింటికి డ్యూటీ దిగారు, ఎవరికి రెస్టు నిండింది, ఎవరింటికి కాల్ బాయ్‌ని పంపి లేపాలి, ఇదీ పని. ఒక్క ముక్కలో చెప్పాలంటే మనుషుల నిద్రకి లెక్కలు రాసే గుమస్తాని.

లాబీలోకి వచ్చిన డ్రైవరు పుస్తకంలో సంతకం పెట్టి, గొట్టంలో ఊదాలి. తాగొచ్చాడో లేదో ఆ గొట్టం చెప్పేస్తుంది. పడుకుని వచ్చాడో లేదో చెప్పే గొట్టం మాత్రం మా బల్ల మీద లేదు. ఇంజన్లో అయితే ఒక ఏర్పాటుంది. డ్రైవరు నిమిషం పాటు ఏ మీటా ముట్టుకోకపోతే లైటు వెలుగుతుంది, బజరు మోగుతుంది, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. అదంతా బండి కదిలాక సంగతి. బల్ల దగ్గర ఉన్నవి నా రెండు కళ్ళే.

ఆవలిస్తూ వచ్చినవాడితో బెంగ లేదు. "రెస్టు చాల్లేదు సార్, ఇంకో రెండు గంటలు ఇప్పించండి" అన్నవాడు దేవుడు. మరీ హుషారుగా వస్తాడే, వాడితోనే చిక్కు. ఓ రాత్రి రెండింటికి ఒకాయన వచ్చాడు. మామూలుగా నాలుగుసార్లు పలకరిస్తే ఒకసారి పలికే మనిషి. ఆ రాత్రి వస్తూనే కాల్ బాయ్ మీద జోకు వేశాడు. టీ గ్లాసు బల్ల అంచున పెట్టి పడేశాడు. సంతకం తన గడిలో కాకుండా పక్క గడిలో పెట్టాడు. "ఏమండీ, పడుకోలేదా?" అంటే, "నిద్ర రావట్లేదు సార్, ఫుల్ ఫ్రెష్!" అన్నాడు. ఆ పగలు వాళ్ళింట్లో పెళ్ళిచూపులట, మంచం ఎక్కనే లేదు. నేను బండి ఎక్కనివ్వలేదు. అంతెత్తున లేచాడు. యూనియన్‌కి చెబుతానన్నాడు. పక్కనున్న బెంచీ మీద చతికిలబడి తిడుతూ తిడుతూ, ఒక తిట్టు సగంలో ఉండగా నిద్రపోయాడు.

మా వాడి వ్యవహారమూ అలాగే ముగిసింది. పన్నెండో చుట్టులో ఎర్ర కారు కనపడలేదు. వెతికి ఇస్తే అది కాదన్నాడు. నీలం కప్పులో నీళ్ళిస్తే ఆకుపచ్చ కప్పు కావాలన్నాడు, ఆకుపచ్చది తెస్తే నీలం కప్పు ఏదని గుక్కపట్టాడు. చివరికి పదకొండున్నరకి వాళ్ళమ్మ భుజం మీద, ఎక్కిళ్ళ మధ్య కళ్ళు మూశాడు. మర్నాడు ఆరింటికల్లా లేచి కూర్చున్నాడు. ఆలస్యంగా పడుకున్నవాడు ఆలస్యంగా లేస్తాడనుకుంటాం. పిల్లల దగ్గర ఆ లెక్క తరచుగా తప్పుతుంది.

దీన్ని ఓవర్‌టైర్డ్ అంటుంది మా అమ్మాయి. రోజుకి నాలుగుసార్లు అంటుంది. తెలుగులో ఏమంటామా అని ఆలోచించాను. నిద్రకి ఏడుస్తున్నాడంటాం, పేచీ పెడుతున్నాడంటాం, మంకుపట్టు పట్టాడంటాం. అవన్నీ నిద్ర వాకిట్లో నిలబడి తలుపు తడుతున్నప్పటి మాటలు. ఎంతకీ తలుపు తియ్యకపోతే విసిగి వీధి చివరికి వెళ్ళిపోయిన నిద్రకి పేరేమిటి? ఆ పేరు మా ఆవిడ దగ్గర దొరికింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వింటున్న మాటే. దిష్టి.

మేం వర్జీనియాలో ఈ ఆష్‌బర్న్ ఊరికి వచ్చింది మనవరాలి అన్నప్రాశనకి. ఆడపిల్ల కనక ఐదో నెలలో. హాలు తీసుకున్నారు. నూట ఇరవై మంది వచ్చారు. ఈ కౌంటీలో తెలుగువాళ్ళకి కొదవ లేదు కదా, ఇద్దర్ని పిలిచి ఇరవైమందిని వదిలేయడం కుదరదు. పొద్దున కారులో ఇరవై నిమిషాలు కునికింది పిల్ల, అంతే. ఆ తర్వాత పట్టు పరికిణీ, మెడలో గొలుసు, మైకు, ఫోటోల మెరుపులు. పుస్తకం, కలం, బంగారం, పూలు ముందు పెట్టారు. ఐదు నెలల పిల్ల పాకదు కాబట్టి వాళ్ళ నాన్నే ముందుకి వంచాడు, బంగారం చేతికి తగిలింది, హాలంతా చప్పట్లు. తర్వాత చేతులు మారడం మొదలైంది. ఒక పిన్ని నుంచి ఒక అత్తకి, అత్త నుంచి ఎవరో ఆంటీకి. పన్నెండున్నర ప్రాంతంలో నేను చూశాను. ఎవరి మొహమూ చూడకుండా పైకప్పు లైట్ల వైపు చూస్తోంది. కనుబొమల చోట లేత ఎరుపు. గాల్లో ఆడే కాళ్ళు ఆగిపోయాయి. "ఎంత బుద్ధిగా ఉందో బంగారుతల్లి!" అన్నారు అందరూ. నేనూ అన్నాను.

అది పసుపు లైటు.

రైల్వేలో స్టేషన్ సిగ్నల్‌కి కిలోమీటరు ముందే డిస్టెంట్ సిగ్నల్ ఉంటుంది. బరువుతో వస్తున్న గూడ్సు ఎరుపు కనపడ్డాక బ్రేకు వేస్తే ఎరుపు దాటిపోయి ఆగుతుంది. పసుపు దగ్గరే చెయ్యి బ్రేకు మీదికి పోవాలి. పసిపిల్లల్లో ఆ పసుపు ఏమిటంటే, బొమ్మ మీద ఆసక్తి పోవడం, చూపు ఎటో నిలిచిపోవడం, కనుబొమలు ఎర్రబడటం, కదలిక మందగించడం. కళ్ళు నులుముకోవడం, చెవి లాక్కోవడం మొదలైతే సిగ్నల్ దగ్గరికి వచ్చేసినట్టే. ఏడుపు ఎరుపు. వీపు విల్లులా వంచి, పిడికిళ్ళు బిగించి, పాలు కూడా వద్దని తల తిప్పేస్తే బండి ఎరుపు దాటేసిందని అర్థం.

మెలకువగా ఉన్నంతసేపూ ఒంట్లో నిద్ర బరువు పెరుగుతూ పోతుంది. పెద్దవాళ్ళం దాన్ని పొద్దుటినుంచి రాత్రిదాకా మోస్తాం. ఐదు నెలల పిల్ల మొయ్యగలిగేది సుమారు రెండు గంటలు. ఆ వేళ దాటించేస్తే, ఇదేదో ఆపద కాబోలు అనుకుని ఒళ్ళు మెలకువ రసాయనాల్ని, కార్టిసాల్, అడ్రినలిన్ లాంటివాటిని, వదులుతుందని డాక్టర్లు చెబుతారు. ఫుల్ ఫ్రెష్ అన్న నా డ్రైవరు మాట్లాడింది ఆ గొంతుతోనే.

సరే, ఇంటికొచ్చాం. ఐదింటికి మొదలైన ఏడుపు ఏడున్నరైనా ఆగలేదు. జ్వరం చూశాం, లేదు. పొట్ట నొక్కి చూశాం, మెత్తగా ఉంది. "ఓవర్‌టైర్డ్ అమ్మా" అంది అమ్మాయి. "దిష్టే తల్లీ, అంతమంది కళ్ళూ దాని మీదే" అంది మా ఆవిడ. గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చింది. అల్లుడు పరుగున వచ్చి, "అత్తయ్యగారూ, మిరపకాయలు మాత్రం పొయ్యి మీద వెయ్యకండి, పొగ అలారం మోగితే వీధంతా లేస్తుంది" అని వేడుకున్నాడు. సరేనంది. గదిలోంచి అందర్నీ బయటికి పంపింది. పెద్ద లైటు ఆర్పింది. అమ్మాయిని పిల్లతో సహా తూర్పు మొహంగా కూర్చోబెట్టి, ఒకటే గొంతుతో, ఒకటే మాట గొణుగుతూ, నింపాదిగా చుట్టూ తిప్పింది. ఉప్పు సింకులో కలిపేసింది. తర్వాత అరగంటకి పిల్ల నిద్రపోయింది.

ఉప్పు పనిచేసిందని నేననను. పదిమంది గదిలోంచి బయటికి పోవడం పనిచేసింది. దీపం తగ్గడం, చేతులు మారడం ఆగడం, ఒక్క గొంతే వినపడటం పనిచేశాయి. మన ముసలమ్మలు కారణాన్ని కొంచెం పక్కగా చెప్పినా, పసిగట్టింది మాత్రం సరిగ్గానే. జనంలోకి వెళ్ళొచ్చిన సాయంత్రమే పిల్ల ఏడుస్తుందని, ఏకాంతంలో పెడితే తేరుకుంటుందని ఏ కాగితమూ చదవకుండా కనిపెట్టారు. ఒక్కటే జాగ్రత్త. ముందు ఒళ్ళు చూడాలి, తర్వాతే దిష్టి. చెవి లాక్కోవడం చెవినొప్పి కూడా కావచ్చు. మూడు నెలల లోపు పసివాళ్ళకి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరితే ఉప్పు మిరపకాయల కోసం వెతక్కుండా డాక్టరుకి ఫోన్ చెయ్యాలి.

అమ్మాయి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో ఒక కాగితం అంటించింది. అమెరికాలో నిద్ర వైద్యుల అకాడమీ 2016లో ఇచ్చిన అంకెలు. నాలుగు నుంచి 12 నెలల పిల్లలకి పగటి కునుకులతో కలిపి రోజుకి 12 నుంచి 16 గంటలు, ఏడాది నుంచి రెండేళ్ళ వాళ్ళకి 11 నుంచి 14, మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి 10 నుంచి 13. నాలుగు నెలల లోపు వాళ్ళకి అంకె వెయ్యలేదు, ఆ వయసులో ఒక పిల్లకీ ఇంకో పిల్లకీ పోలిక ఉండదు కనక. ఆ కాగితం చూడగానే పుట్టింటికి వచ్చినట్టనిపించింది నాకు. రెస్టు రిజిస్టరు! పెన్ను తీసుకుని మనవడి లెక్క వేశాను. పదకొండున్నరకి పడుకుని ఆరింటికి లేచాడు, డేకేర్‌లో కునుకు లేదు. ఆరున్నర గంటలు. మా డిపోలో అయితే ఆ లెక్క మీద షంటింగు ఇంజన్ కూడా ఇచ్చేవాణ్ణి కాదు.

తప్పు వాడిది కాదు. జూన్ నెలలో ఇక్కడ సూర్యుడు ఎనిమిదిన్నర దాటితే గానీ కుంకడు. చందమామని చూపించి గోరుముద్దలు పెడదామంటే మా ఆవిడకి ఆకాశంలో చందమామే దొరకలేదు. వెలుతురున్నంతసేపూ పిల్లాడి ఒళ్ళు రాత్రయిందని ఒప్పుకోదు. కొలరాడో విశ్వవిద్యాలయంలో మోనిక్ లెబూర్జువా బృందం 2018లో ఒక పరిశోధన ప్రచురించింది. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల్ని పడుకోబోయే ముందు గంటసేపు ప్రకాశవంతమైన లైటు దగ్గర ఆడుకోనిస్తే, నిద్రకి పిలుపునిచ్చే మెలటోనిన్ దాదాపు 88 శాతం పడిపోయిందట. లైటు తీసేసిన 50 నిమిషాలకి కూడా చాలామందిలో అది కోలుకోలేదట. మా ఇంట్లో ఆ లైటుకి తోడు పదింటికి హైదరాబాద్‌తో అల్లుడి మీటింగు, పెద్ద టీవీ, మనవడితో ఆడుకోకపోతే ప్రాణం నిలవని తాత. నేరస్థుల జాబితాలో నా పేరు కూడా ఉంది.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు మనవాళ్ళు. అది పొలంలో నాగలి దున్ని వచ్చినవాడు చెప్పిన సామెత. పసిపిల్లల్ని అడిగి ఉంటే ఒప్పుకునేవాళ్ళు కాదు. వాళ్ళ నిద్రకి చీకటి కావాలి, చల్లదనం కావాలి, తెలిసిన వాసన కావాలి, నిన్న జరిగినట్టే ఇవాళా జరగాలి. తిరుమలలో ఏకాంత సేవ చూడండి. రోజూ రాత్రి అదే వరుస. భోగ శ్రీనివాసమూర్తిని ఉయ్యాల మంచం మీద పవళింపజేస్తారు, పాలూ పళ్ళూ నివేదిస్తారు, తాళ్ళపాక వంశంవారు లాలి పాడతారు, తలుపులు మూస్తారు. ధనుర్మాసంలో ఆ మంచం మీద చిన్ని కృష్ణుణ్ణి పడుకోబెడతారు. ఎన్ని తరాలుగానో ఆ క్రమం మార్చలేదు. అమ్మాయి బెడ్‌టైమ్ రొటీన్ అని స్నానం, పాలు, కథ, లైటు అనే వరుస పెట్టుకుంటే మా ఆవిడ మొదట్లో మూతి తిప్పింది. "ఏకాంత సేవేలే" అని నేనన్నాక మళ్ళీ ఏమీ అనలేదు.

జపాన్ సంగతి చెబితే మాత్రం విరగబడి నవ్వింది. అక్కడ రికెన్ సంస్థలో కుమి కురోడా అనే శాస్త్రవేత్త బృందం 21 మంది పసికందుల్ని గమనించి 2022లో చెప్పిందేమిటంటే, ఏడ్చే పిల్లని ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడవాలి. నిద్రపోయాక వెంటనే దించకుండా ఇంకో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. "భుజాన వేసుకుని తిప్పాలని తెలుసుకోవడానికి జపాన్ దాకా వెళ్ళాలా!" అంది. కానీ రెండో ముక్క తనకీ కొత్తే. పిల్ల రెప్ప వాలిందో లేదో పక్క మీద వేసేది, అది కెవ్వుమనేది. ఇప్పుడు గడియారం చూడదు గానీ గోవింద నామాలు చదువుతూ కూర్చుంటుంది. అవి పూర్తయ్యాకే దించుతుంది.

దించడం అంటే మళ్ళీ ఇక్కడి పద్ధతి వేరు. వెల్లకిలా, గట్టి పరుపు మీద, ఒంటరిగా, దిండూ దుప్పటీ లేకుండా. వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో ఈ దేశంలో ప్రచారం మొదలుపెట్టాక నిద్రలో జరిగే ఆకస్మిక శిశుమరణాలు తర్వాతి ఏళ్ళలో దాదాపు సగానికి తగ్గాయి. మా ఆవిడ తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టి సూట్‌కేసులో పెట్టి తెచ్చింది. పిల్లల డాక్టరు మర్యాదగా వద్దంది. దిండు బీరువాలో ఉంది. దానికంటే నన్ను భయపెట్టింది వేరే. ఓ తెల్లవారుజామున లేచి చూస్తే, అల్లుడు సోఫాలో పిల్లని గుండెల మీద పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రలో ఉన్నాడు. చెయ్యి సడలి ఉంది. సోఫాలో అలా నిద్రపోవడం అన్నిటికంటే ప్రమాదమని డాక్టర్లు మొత్తుకుంటారు. మెల్లగా పిల్లని అందుకున్నాను. ఉలిక్కిపడి లేచి, "నేను పడుకోలేదు మామయ్యగారూ, మెలకువగానే ఉన్నా" అన్నాడు. ఇంకో డ్రైవరు!

ఆ రోజునుంచి తెల్లవారుజాము డ్యూటీ నేనే తీసుకున్నాను. సాయంత్రం స్ట్రోలర్ డ్యూటీ కూడా. నేను స్ట్రోలర్ తోసే దారి ఒకప్పుడు రైలు పట్టాల దారి. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ అనే రైల్వే. 1968లో మూతపడింది. పట్టాలు పీకి, తారు పోసి, 45 మైళ్ళ నడకదారి చేశారు. ఇంకా పూర్వం ఈ ఊరికి ఫార్మ్‌వెల్ అని పేరట. ఇప్పుడు ఊరి నిండా కిటికీల్లేని డేటా సెంటర్లు, అవి నిద్రపోకూడదు కనక పక్కనే జనరేటర్లు. దారి మాత్రం రైలు దారే. నా కాళ్ళకి తెలుస్తుంది. ఎక్కడా నిటారుగా ఎక్కదు, ఎక్కడా చటుక్కున మలుపు తిరగదు. కుదుపు లేకుండా పోతుంది స్ట్రోలర్. మైలు దాటేలోపు పిల్ల కనుబొమలు ఎర్రబడతాయి. రెండో మైల్లో నిద్ర.

నా సొంత పిల్లలు ఎలా నిద్రపోయేవారో నాకు తెలీదు. అడిగితే అమ్మాయి చెప్పింది. "మేం పడుకోవడం సంగతి ఎవరికి గుర్తు నాన్నా! నువ్వు పడుకోవడమే గుర్తు. నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చారు, చప్పుడు చెయ్యకండి అని అమ్మ మమ్మల్ని క్వార్టర్స్ వెనక వేపచెట్టు కిందికి తరిమేసేది. తమ్ముడు నిద్రకి ఏడుస్తుంటే అక్కడే ఎత్తుకుని తిప్పేదాన్ని. మిట్టమధ్యాహ్నం." అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. ఊళ్ళోవాళ్ళ రెస్టుకి రిజిస్టరు రాసినవాణ్ణి, నా ఇంట్లో పిల్లల పేర ఒక్క గడి కూడా గీసుకోలేదు.

అందుకని ఆష్‌బర్న్‌లోనూ ఆ చుట్టుపక్కలా ఉన్న మనవాళ్ళకి ఒక మనవి. పుట్టినరోజు పిలుపులో ఐదింటికి అని వేస్తే కేకు ఐదున్నరకి కొయ్యండి. రావలసినవాళ్ళందరూ వచ్చాకే అంటే తొమ్మిదవుతుంది, అప్పటికి పుట్టినరోజు పిల్ల ఎరుపు దాటేసి ఉంటుంది. మైకు కాస్త తగ్గించండి. పిల్లని ఎత్తుకోవాలని మీకు ఎంత ముచ్చటగా ఉన్నా, అది పైకప్పు వైపు చూస్తుంటే వాళ్ళమ్మకి ఇచ్చెయ్యండి. భోజనాలు కాకముందే ఏడింటికి మేం లేచి వెళ్ళిపోతే ఏమీ అనుకోకండి. మాకో డబ్బా కట్టి ఇవ్వండి, చాలు.